ఉప్పెన మచ్చలు

బందరు కోనేరు సెంటరు నుంచి రెండు వీధులు లోపలికి వెళ్తే వెంకట్రామయ్య డాక్టరు గారి నర్సింగ్ హోము. అందులో మెట్ల కింద గది జకరయ్యది. గది అని మర్యాదకి అనాలిగాని అది గాలి చొరని చీకటి కొట్టు. కిటికీకి నల్లగుడ్డ, లోపల ఎర్ర బల్బు, ఫిల్ములు కడిగే మందునీళ్ళ తొట్లు మూడు. ఆ తొట్ల పుల్లటి వాసన జకరయ్య చొక్కాలకి పట్టేసి ఆదివారం చర్చిలో కూడా వదిలేది కాదు. పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు చిట్లించుకుని కాస్త జరిగేవారు. వాళ్ళు జరిగిన చోటులో జకరయ్య దర్జాగా కాళ్ళు బారజాపుకునేవాడు.

పద్దెనిమిదేళ్ళుగా ఆ చుట్టుపక్కల విరిగిన ఎముకలు చాలామటుకు అతని చేతుల మీదుగానే వెళ్ళాయి. "ఊపిరి బిగపట్టండి... కదలొద్దు... ఊఁ, వదలండి." ఈ మూడు ముక్కలూ రోజుకి ముప్ఫైసార్లు అనేవాడు. బజార్లో ఎదురుపడితే తెలిసినవాళ్ళు ఛాతీ పొంగించి నిలబడి, "ఏం జకరయ్యా, వదలమంటావా, ఇట్టాగే చావమంటావా?" అని వేళాకోళం చేసేవారు. "నేను చెప్పకుండా వదిలారంటే మళ్ళీ మొదట్నించీ తియ్యాలి" అని అతనూ నవ్వేవాడు. మనిషి మంచివాడే. ఆ మాట ముందే చెప్పేసుకోవాలి, తరవాత చెప్పడానికి నోరు రాదు.

డాక్టరు గారికి జకరయ్య కళ్ళంటే ఎంత గురి అంటే, ఫిల్ము వెలుతురుకి పెట్టకముందే "ఏవయ్యా, ఏం కనపడింది?" అని అడిగేవారు. అతను చెప్పిందే చీటీ మీద రాసి సంతకం పెట్టేవారు. అది నమ్మకమా, బద్ధకమా అంటే రెండూను. ఏదైతేనేం, జకరయ్య చూపుకి ఎదురు లేకుండా పోయింది.

జకరయ్యది దివిసీమ. కోడూరు దాటి ఇంకా లోపలికి, సముద్రపు గాలి మొహాన కొట్టే చోట ఒక పేట. తల్లి పురిట్లోనే పోతే పన్నెండేళ్ళ అక్క జ్ఞానమ్మ వాణ్ణి చంకనేసుకుంది. నాట్లకి వంగిన నడుం కోతలకి లేచేది, కోతలకి వంగింది మినుము పీకేదాకా లేచేది కాదు. ఆ కూలితోనే తమ్ముణ్ణి మిషను బళ్ళో వేసింది, ఎస్సెస్సెల్సీ దాటించింది, ఎక్స్-రే పని నేర్చుకోమని బందరు బస్సు ఎక్కించింది. "నేను చదివింది బళ్ళో కాదండీ, మా అక్క నడుం మీద" అని జకరయ్య నలుగురిలో చెప్పుకునేవాడు. చెప్పుకోవడంలో మాత్రం ఏనాడూ లోటు చెయ్యలేదు.

డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. ఆ రాత్రి ఏం జరిగిందో దివిసీమ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. జ్ఞానమ్మ భర్తా, నాలుగేళ్ళ మనవరాలూ నీళ్ళల్లో పోయారు. ఆమె తుమ్మచెట్టు పట్టుకుని ముళ్ళల్లో తెల్లారేదాకా ఉంది. కొట్టుకొచ్చిన దూలం ఒకటి తలకీ నడుముకీ తగిలింది. నాలుగోనాడు జకరయ్య నడిచీ ఈదీ అక్కడికి చేరేసరికి కాలవగట్టు మీద ఎవరిదో చీర కట్టుకుని కూర్చుని ఉంది. తమ్ముణ్ణి చూసి ఏడవలేదు. "అన్నం తిన్నావంట్రా తమ్ముడూ?" అంది.

ఆ తరవాత ఏడాది, ఏడాదిన్నరపాటు ఆ సీమలో ఏం జరిగినా ఉప్పెన ఖాతాలోకే పోయింది. గేదె ఈసుకుపోయి దూడ దక్కకపోతే ఉప్పెన. జుట్టు రాలితే ఉప్పెన. కొత్తగా పెళ్ళయిన పిల్ల నవ్వకపోతే ఉప్పెన. తప్పు పట్టడానికి లేదు, అంత పెద్దది చూసినవాళ్ళు ఇంక చిన్న కారణాలు వెతకరు. బందరులో వెంకట్రామయ్య గారి నర్సింగ్ హోముకి కూడా దాని వాటా దానికి అందింది. వెనక సామాను గదిలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. కింది అరలో ఉన్న ఎక్స్-రే ఫిల్ము పెట్టెలు చెమ్మ పీల్చుకున్నాయి.

"పారేద్దామండీ" అన్నాడు జకరయ్య.

"పారెయ్యడానికి నీకేం పోయింది? బెజవాడ నించి కొత్తవి ఎప్పుడొస్తాయో ఏసుక్రీస్తుకే తెలియాలి. వాడిచూడు" అన్నారు డాక్టరు గారు.

వాడిచూశాడు. మూడింట ఒక ఫిల్ము మీద మచ్చలు. కొన్ని తెల్లవి, కొన్ని నల్లవి, కొన్ని ఉంగరాల్లా. మొదట్లో తల బాదుకున్నాడు. తరవాత అలవాటు చేసుకున్నాడు. మచ్చల మధ్య నుంచి ఎముకని ఏరుకోవడం ఒక విద్యగా పట్టుబడింది. "ఇది చెమ్మ మచ్చండీ, ఇదిగో ఈ గీత మాత్రం ఎముక విరిగిందే" అని చూపుడువేలు పెట్టి చెపితే డాక్టరు గారు భుజం తట్టేవారు. ఆ తట్టుడే కొంప ముంచింది. చూడకుండా వదిలెయ్యడం ఒక గొప్ప అనుకున్నాక మనిషికి ఇంక కళ్ళెందుకు?

డెబ్భై ఎనిమిది మార్చిలో జ్ఞానమ్మ నడుం నొప్పి అంటూ చల్లపల్లి మీదుగా బస్సులో వచ్చింది. కొడుకు అబ్రహాము తీసుకొచ్చాడు. ఉప్పెన తరవాత అతను పేట వదిలి గుడివాడలో రైసుమిల్లులో పనికి కుదిరాడు. తల కూడా బరువుగా ఉంటోంది, కూర్చుని లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి అంది జ్ఞానమ్మ. దూలం దెబ్బేనని అందరూ అన్నారు. డాక్టరు గారు తలకీ నడుముకీ ఫొటో రాశారు.

జకరయ్య అక్కని బల్ల మీద పడుకోబెట్టాడు. తల పక్కకి తిప్పి, "ఊపిరి బిగపట్టక్కా" అన్నాడు.

"ఎంతసేపురా? ఉప్పెనలో పట్టినంతసేపా?" అంది జ్ఞానమ్మ. ఇద్దరూ నవ్వారు. దాంతో తల కదిలింది, మళ్ళీ మొదట్నించీ సర్దాల్సొచ్చింది.

చీకటి గదిలో తడి ఫిల్ము ఎర్ర బల్బు కింద ఎత్తి పట్టుకున్నాడు. నడుం ఫిల్ము కొత్త పెట్టెలోది, శుభ్రంగా ఉంది. ఎముకలు కాస్త పలచగా కనిపించాయి, అంతే. తల ఫిల్ము పాత పెట్టెలోది. తెల్లటి పుర్రె ఎముకలో నల్లగా, గుండ్రంగా మచ్చలు. మినపగింజంత కొన్ని, శనగగింజంత కొన్ని. అంచులు ఎవరో ఉలితో తీసినట్టు నున్నగా ఉన్నాయి.

"ఛ! మళ్ళీ ఈ దిక్కుమాలిన పెట్టె!" అన్నాడు జకరయ్య.

ఒరే నాయనా, ఒక్క క్షణం ఆగరా! చెమ్మ మచ్చ అయితే ఎముక మీదే ఎందుకుంటుంది? మెడ కండ మీద, బుగ్గ మీద, బూడిదరంగుగా ఉన్న చోట ఒక్కటైనా పడాలి గదా! ఎముక గీత దాటి ఒక్క మచ్చ బయటికి రాలేదు. అన్ని పెట్టెలు తగలేసినవాడికి ఆ మాత్రం తెలీదా? తెలుసు. మరి ఇంకో ఫిల్ము పెట్టి తీస్తే ఏం? కొత్త పెట్టెలో ఇంకో పది మిగిలాయి, వాటిని దాచుకుంటున్నాడు. పైగా అక్క ఆకలి మీద ఉంది, ఇంటికి తీసుకెళ్ళి చేపల కూర పెట్టాలనుకున్నాడు. ప్రేమతోనే తొందరపడ్డాడు. ఏం చేసుకుంటాం ఆ ప్రేమని?

"తల ఫిల్ము పాడైందండీ, చెమ్మ మచ్చలు పడ్డాయి. ఎముక విరగడం మాత్రం ఎక్కడా లేదండీ" అన్నాడు డాక్టరు గారితో.

"నువ్వు లేదంటే లేదయ్యా" అన్నారాయన. కాల్షియం ఇంజెక్షన్లు రాశారు, నడుముకి బెల్టు రాశారు. జకరయ్య ఆ ఫిల్ముకి అంటించిన చీటీ మీద తేదీ వేసి, 'మచ్చలు, పనికిరాదు' అని తన గుండ్రటి అక్షరాలతో రాసి పాడైన ఫిల్ముల కట్టలో పడేశాడు.

ఆ కట్టలు నెలకోసారి రహంతుల్లాకి వెళ్తాయి. రహంతుల్లా కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కేవాడు. పాత ఫిల్ముని వేడి సోడా నీళ్ళల్లో నానేసి తోమితే బొమ్మంతా పోయి అద్దంలాంటి రేకు మిగులుతుంది. దాని మీద పువ్వో నెమలో గీసి, గీతల వెంబడి సూదితో చిల్లులు పొడుస్తాడు. చెక్క మీద పెట్టి సుద్దపొడి అద్దితే చిల్లుల్లోంచి బొమ్మ చెక్క మీదికి దిగుతుంది. కాగితమైతే పది అచ్చులకి చిరిగిపోతుంది, ఫిల్ము తరతరాలు ఆగుతుందని అతని సంతోషం. జ్ఞానమ్మ తల ఫిల్ము ఆ దారినే పోయింది.

పది నెలలు గడిచాయి. జ్ఞానమ్మ మొహం పాలిపోయింది. దాహం, నీరసం, పక్కటెముకల్లో పోటు. తుమ్మితే ఒక పక్కటెముక చిట్లింది. పేటలో పాపాయమ్మ అనే ముసలావిడ వచ్చి, "ఉప్పెన భయం ఎముకల్లో దిగిందమ్మా, అది పోవడానికి ఏళ్ళు పడతది" అని దిష్టి తీసిపోయింది. జ్ఞానమ్మకీ ఆ మాటే బాగుంది. భయమైతే ఎప్పటికో ఒకప్పటికి పోతుంది గదా. చివరికి అబ్రహాము తల్లిని గుడివాడ తెచ్చుకుని అక్కడ రాజకుమారి గారనే డాక్టరమ్మకి చూపించాడు. ఆవిడ నాలుగు ఫొటోలు తీయించింది. ఆ సాయంత్రం అబ్రహాము బందరుకి కబురు పంపాడు: "మావయ్యా, రేపు రైలుకి రా. ఫొటోలు నువ్వు చూస్తేగాని అమ్మ ఒప్పుకోదు."

జకరయ్య వెళ్ళాడు. మహా నమ్మకంగా, తెల్ల చొక్కా వేసుకుని మరీ వెళ్ళాడు. రాజకుమారి గారు వెలుతురు పెట్టెకి తల ఫిల్ము తగిలించింది.

చెవి పైన మూడు చిల్లులు, ముక్కాలి పీటకి కాళ్ళున్నట్టు. నుదుటి దగ్గర ఒకటి, వెనక రెండు జంటగా. ఊరు వేరు, మిషను వేరు, ఫిల్ము వేరు. చిల్లులు మాత్రం అవే, అక్కడే. అప్పుడు మినపగింజంత ఉన్నవి ఇప్పుడు శనగగింజంత అయ్యాయి, శనగగింజంతవి చింతగింజంత అయ్యాయి. మధ్యలో కొత్తవి. జకరయ్య పడకుండా బల్ల అంచు పట్టుకున్నాడు.

"మైలోమా అంటారండీ. రక్తంలో వచ్చే కేన్సరు. ఎముకల మూలగలో పుట్టి ఎముకనే తింటుంది" అంది రాజకుమారి గారు. నమ్మకం కుదరడానికి స్పిరిట్ దీపం మీద జ్ఞానమ్మ మూత్రం గాజు గొట్టంలో పోసి కాచి చూపించింది. కాస్త వేడెక్కగానే మజ్జిగ తేటలా తెల్లబారింది. బాగా కాగాక ఆ తెలుపు పోయింది. చల్లారుతుంటే మళ్ళీ వచ్చింది. "ఇంక సందేహం లేదు. కాని ఇది నిదానంగా నడుస్తోందా, పరుగు మీద ఉందా అన్నదే తెలియాలి. ఈ వెన్నుపూస చూడండి, ఒక పక్క నలుగుతోంది. నిదానమైతే బిళ్ళలిచ్చి ఇక్కడే చూద్దును. ఈ స్థితిలో రైలు ప్రయాణం కూడా ప్రమాదమే. పరుగు మీద ఉంటే మాత్రం ఆ ప్రమాదానికి తెగించి ఇవాళే మద్రాసు పంపి వెన్నుకి కరెంటు, అంటే రేడియేషను, పెట్టించాలి. పూస కూలిందంటే కాళ్ళు పోతాయి."

"ఎట్టా తెలుస్తదండీ మరి?" అన్నాడు అబ్రహాము.

"పాత ఫిల్ము ఉంటే పక్కన పెట్టుకుని చూస్తే తెలిసిపోతుంది. లేదంటే నెలన్నర ఆగి మళ్ళీ తీసి పోల్చుకోవాలి. మీరు ఎక్స్-రే మనిషి కదా జకరయ్య గారూ, అప్పుడు మీ దగ్గర తల ఫొటో తీశారటగా? అది ఉందా?"

అబ్రహాము జకరయ్య వైపు చూస్తున్నాడు. అవతల బెంచీ మీద జ్ఞానమ్మ గోడకి ఆనుకుని, తమ్ముడు వచ్చాడని ధైర్యంగా కూర్చుని ఉంది.

"లేదండీ. అది పాడైపోయిందండీ" అన్నాడు.

ఆవిడ అతని మొహం చూసి ఓదార్చాలనుకుందో ఏమో, ఇంకో మాట చెప్పింది. ఇంగ్లాండులో కొత్త మిషను వచ్చిందట. కంప్యూటరుతో పనిచేస్తుందట. మనిషిని అరటిదూట చక్రాలు తరిగినట్టు పలచటి పొరలుగా చూపిస్తుందట. ఇప్పటికి తలలకే ఎక్కువగా వాడుతున్నారు, ముందు ముందు వెన్నుకీ తొడ ఎముకకీ అన్నిటికీ వాడతారని పుస్తకంలో చదివింది. "మన ఫొటోలో చిల్లు కనపడేసరికే అక్కడి ఎముక మూడోవంతుకి పైగా పోయి ఉంటుందండీ. ఆ మిషనులో అయితే చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది. మన దగ్గర లేదు, ఏం చేస్తాం? మీ తప్పు కాదు."

తప్పు కాదన్న ఆ మాటని జకరయ్య రెండు చేతులా పట్టుకున్నాడు. రైల్లో బందరు చేరేదాకా అదే నమిలాడు. మిషను లేకపోబట్టే గదా. ఇంగ్లాండులో అయితే దొరికేది. పేదదేశం, పాత మిషను. వింటానికి ఎంత బాగుందో! మరి మార్చిలో నీ చేతిలో తడితడిగా వేలాడింది ఏమిట్రా? ఆ డొక్కు మిషనే ప్రతి చిల్లూ చూపించింది. చూడనిది మిషను కాదు.

మర్నాడు పొద్దున్నే రహంతుల్లా దగ్గరికి వెళ్ళాడు. ఫిల్ము తెచ్చుకోవడానికి వెళ్ళాడనుకుంటున్నారా? కాదు. అది లేదని రూఢి చేసుకోవడానికి వెళ్ళాడు. తోమేసి నెమలి బొమ్మ చేసేసి ఉంటే బతికిపోతానని, ఆ దేవుణ్ణే అడుక్కుంటూ వెళ్ళాడు.

రహంతుల్లా చెక్కపొట్టు మధ్య కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. "రా బావా, కూర్చో. ఏంటి మొహం అట్టా ఉంది?"

"ఏం లేదు బావా. కిందటేడు ఎండాకాలం ముందు ఇచ్చిన కట్ట... అన్నీ అయిపోయినట్టేగా?"

"ఆఁ, ఎప్పుడో. కాళ్ళవీ చేతులవీ అన్నీ తోమేశా. ఒక్కటి మాత్రం ఉంచా. పుర్రె బొమ్మ." రహంతుల్లా లేచి దూలం సందులోంచి కాగితంలో చుట్టింది తీశాడు. "ఎవరిదో మనిషి తలకాయ బావా. దాని మీద సూది పొడవడానికి చెయ్యి రాలా. చూడు, అప్పటికే పాపం ఎన్ని చిల్లులో."

పొట్టు రాలే ఆ గదిలో, నిరక్షరాస్యుడైన అచ్చుల పనివాడు చూసీ చూడగానే చిల్లులన్నాడు. పద్దెనిమిదేళ్ళ ఎక్స్-రే జకరయ్యకి అవి మచ్చలైనాయి.

ఫిల్ము చేతికొచ్చింది. తరవాతి రైలుకి గుడివాడ వెళ్తే సాయంత్రానికి రాజకుమారి గారి బల్ల మీద ఉండేది. జకరయ్య వెళ్ళలేదు. చీకటి గదిలో మందు డబ్బాల వెనక దాన్ని నిలబెట్టి, ముందు తువ్వాలు వేలాడదీశాడు. రేపు వెళ్తాననుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? చీటీ మీద తన అక్షరాలే ఉన్నాయి. డాక్టరు గారి పరువు, తన ఉద్యోగం, అబ్రహాము చూపు, అన్నిటికన్నా అక్క. "నెలన్నరలో మళ్ళీ తీస్తారుగా, ఎట్టాగూ తెలుస్తదిగా" అని ఒకరోజు. "నిదానంగానే ఉందేమో, బిళ్ళలు పనిచేస్తాయేమో" అని ఇంకోరోజు. రెండు ఫిల్ములూ కళ్ళారా చూసినవాడు లోకంలో అతనొక్కడే. పరుగు మీద ఉందని తెలిసినవాడూ అతనొక్కడే. ఎంత పిరికి వెధవైపోయాడంటే, అట్టా గడిచిన పదిహేడు రోజులూ ఎవరు "ఊపిరి వదలమంటావా" అని నవ్వినా ఉలిక్కిపడేవాడు.

పద్దెనిమిదో రోజు అబ్రహామే వచ్చాడు. "మావయ్యా, పొద్దున అమ్మ మంచం దిగబోతే కాళ్ళు రాలేదు. గిల్లినా తెలీట్లా" అన్నాడు.

జకరయ్య తువ్వాలు పక్కకి లాగి ఫిల్ము తీశాడు. అబ్రహాము చీటీ మీది అక్షరాలు చదివాడు, తేదీ చదివాడు. గుడివాడ దాకా రైల్లో ఎదురెదురుగా కూర్చున్నారు.

రాజకుమారి గారు రెండు ఫిల్ములూ పక్కపక్కన తగిలించి ఒక్కో చిల్లునీ వేలు పెట్టి పోల్చి చూసింది. "ఇది మీ దగ్గర ఎన్నాళ్ళ నించి ఉంది?"

"పదిహేడు రోజులండీ." అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేదు.

ఆవిడ కేకలు వెయ్యలేదు. వేసినా బాగుండేది. "మొన్న ఆ మిషను లేదని నేను బాధపడ్డానండీ. ఇందులో అన్నీ ఉన్నాయి కదా" అంది. మద్రాసుకి ఉత్తరం రాయడానికి కూర్చుంది.

మద్రాసులో వెన్నుకి కరెంటు పెట్టారు. బిళ్ళలు మొదలుపెట్టారు. నొప్పి తగ్గింది, కాళ్ళు రాలేదు. తిరిగొచ్చాక బందరులో తమ్ముడి ఇంట్లోనే మంచం వేశారు. రెండు నెలలకోసారి తలకీ వెన్నుకీ ఫొటో తీసి పంపమని రాజకుమారి గారి ఉత్తర్వు. జకరయ్యే తీశాడు. ఇప్పుడన్నీ కొత్త పెట్టెలే. ఒక్కోటి రెండేసి సార్లు తీశాడు. మే నెల ఫిల్ములో చిల్లులు పెరగలేదు. కొన్నిటి అంచుల్లో తెల్లటి గీత కూడా కొత్తగా కట్టింది. మందు పనిచేసింది! సంతోషించాల్సింది పోయి జకరయ్య చీకటి గదిలో కూలబడి ఏడ్చాడు. పని చేసే మందు ఉంది. పద్నాలుగు నెలల కిందట కూడా ఉంది.

ఆరోజే చెప్పేశాడు. జ్ఞానమ్మ ఇంకా ఎక్స్-రే బల్ల మీదే ఉంది, మోసుకొచ్చిన అబ్రహాము గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జకరయ్య బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మార్చి సంగతీ, రహంతుల్లా సంగతీ, తువ్వాలు సంగతీ అన్నీ కక్కేశాడు. తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. లేదా ఎప్పట్లాగా తల నిమిరి పోనీలేరా అంటుందనుకున్నాడు. లోపల ఎక్కడో దాని మీదే ఆశ.

జ్ఞానమ్మ పైకప్పు వైపు చూస్తూ అంతా విన్నది. "ఆ పదిహేడు రోజులూ నేను నడిచాను" అంది. "నీళ్ళ బిందె కూడా ఎత్తుకున్నాను. మొదటిది మచ్చ అనుకున్నావు, సరే. ఎవురైనా అనుకుంటారు. రెండోసారి కూడా మచ్చేనంట్రా?"

ఆ తరవాత ఆమె ఆ ఊసు ఎత్తలేదు. అతను కలిపి పెట్టిన అన్నం తిన్నది, అతను తిప్పితే పక్కకి తిరిగింది. కాని నలభై ఏళ్ళు తమ్ముడూ అన్న మనిషి మళ్ళీ ఆ మాట అనలేదు. జకరయ్యా అంది, ఊళ్ళోవాళ్ళు అన్నట్టు.

జూలై ఫిల్ములో చిల్లులు మళ్ళీ కదిలాయి. అది ఎవరూ చెప్పకుండానే అతనికి కనపడింది. ఆగస్టులో, వాన పడుతున్న మధ్యాహ్నం జ్ఞానమ్మ పోయింది.

పేటలోనే పాతిపెట్టారు. ఉప్పెనలో పోయినవాళ్ళ పక్కన చోటు ఉంటే అక్కడే తవ్వారు. చర్చి అయ్యగారు గొడుగు కింద నిలబడి ప్రార్థన చేశాడు. "ఆ కాళరాత్రి తగిలిన దెబ్బతోనే మన జ్ఞానమ్మ ఇన్నాళ్ళూ శ్రమపడి తండ్రి దగ్గరికి వెళ్ళింది. ఉప్పెన ఆమెనీ మింగింది" అన్నాడు. అవునవునని ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాపాయమ్మ తల ఊపింది. అందరూ జకరయ్య వైపు చూశారు, తమ్ముడు గదా, పైగా ఎముకల సంగతి తెలిసినవాడు.

జకరయ్య కూడా తల ఊపాడు.

గుంట అవతల పార పట్టుకుని నిలబడ్డ అబ్రహాము ఒక్కడే తల ఎత్తి మావయ్య కళ్ళల్లోకి చూశాడు. ఇవాళ చెపుతాడేమో, ఇప్పుడైనా చెపుతాడేమో అన్నట్టు చూస్తూనే ఉన్నాడు. జకరయ్య ఊపిరి బిగపట్టుకుని, కదలకుండా నిలబడ్డాడు. వదలమని చెప్పే మనిషి ఆ గుంటలో ఉంది.